వల ఒడ్డుకొచ్చాకే వంట

*శ్రీకాకుళం తీరంలో ఏం తినాలో సముద్రం చెబుతుంది, ఎప్పుడు తినాలో వండే ఇల్లాలు చెబుతుంది. కళింగపట్నం నుంచి ఇచ్ఛాపురం దాకా ఒక తిండి ప్రయాణం.*

శ్రీకాకుళం తీరానికి బయల్దేరేవాళ్ళు ముందుగా ఒక ఆశ వదిలేసుకోవాలి. సముద్రానికి ఎదురుగా కుర్చీ వేసుకుని, వెయిటర్ ఇచ్చిన కార్డు తిరగేసి, కావలసిన చేప ఏరుకునే భాగ్యం ఇక్కడ దొరకదు. విశాఖలో దొరుకుతుంది, పూరీలో దొరుకుతుంది. మధ్యలో ఉన్న ఈ 190 కిలోమీటర్ల పైచిలుకు తీరం మాత్రం ఆ వైపు ఇంకా పోలేదు. తీరానికి ఎడంగా సాగే కోల్‌కతా హైవే మీద దాబాలున్నాయి, బిర్యానీలున్నాయి, పలాస దగ్గర జీడిపప్పు కూర కూడా ఉంది. అక్కడ కడుపు నింపుకుని, పక్కదారి పట్టి బీచ్‌కొచ్చి, లైట్‌హౌస్ ముందు ఫొటో దిగి వెళ్ళిపోయేవాళ్ళే ఎక్కువ. వాళ్ళు శ్రీకాకుళాన్ని చూసినట్టే లెక్క. తిన్నట్టు కాదు.

ఇక్కడి తిండి ఇళ్ళలో ఉంది. ఇళ్ళలోకి వెళ్ళాలంటే టూరిస్టుగా కుదరదు, చుట్టంగా వెళ్ళాలి. తెలిసినవాళ్ళ ద్వారా కబురు పెట్టుకోవాలి, వాళ్ళు చెప్పిన వేళకు చేరాలి, పెట్టింది తినాలి. ఈ మూడూ కుదరనివాళ్ళకి దాబాయే మేలు.

ఈ తీరం మొరటుది. పడమట తూర్పు కనుమలు దగ్గరగా వచ్చి నిలబడతాయి. ఆకాశం తేటగా ఉన్న రోజు ఉత్తరాన ఉద్దానం ఇసుక మీద నిలబడి చూస్తే, ఒడిశా వైపు 1500 మీటర్ల మహేంద్రగిరి నీలంగా కనిపిస్తుంది. ఆ కొండల వైపు నుంచి నాగావళి, వంశధార, మహేంద్రతనయ, బాహుదా పరుగెత్తుకొచ్చి సముద్రంలో పడతాయి. అవీ, వాటి మధ్యనున్న ఉప్పుటేర్లూ కలిసి తీరాన్ని ముక్కలు చేసిపెట్టాయి. ఒడ్డు వెంటే ఊరూరూ తిరగాలంటే కుదరదు. ఒక ఊరు చూసి మళ్ళీ హైవే ఎక్కాలి, కొంతదూరం పోయి మళ్ళీ దిగాలి. ఒడ్డున ఇసుక ఏటవాలుగా ఉంటుంది, కెరటం దగ్గరకొచ్చి ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. ఈతకు దిగే నీళ్ళు కావివి. ఊరివాళ్ళు వద్దన్నచోట మోకాలిలోతుకు కూడా దిగొద్దు.

అలాంటి కెరటాన్ని దాటి చేపలు పట్టడానికే ఇక్కడి పాతకాలపు పడవను మేకుల్లేకుండా, పలకల్ని కొబ్బరితాడుతో కుట్టి కట్టేవారు. మేకులు కొట్టిన పడవైతే కెరటం దెబ్బకు పగులుతుంది, కుట్టిన పడవ వంగి లేస్తుంది. ఇప్పుడు ఫైబర్ పడవలు, మోటార్లు వచ్చాయి. సముద్రం మాత్రం అదే.

కళింగపట్నం: కవళ్ళ పులుసు

వంశధార సముద్రంలో కలిసేచోట కళింగపట్నం. ఒకప్పటి రేవు. బ్రిటిష్ కాలంలోనూ ఇక్కడ ఓడల రాకపోకలుండేవి. ఇప్పుడు లైట్‌హౌస్ ఉంది, సరుగుడు తోపులున్నాయి, పొడవాటి ఇసుక ఉంది. ఏటి ఎగువన కొద్దిదూరంలో, శాలిహుండం కొండమీద బౌద్ధ స్తూపాల శిథిలాలు. ఈ స్థలాన్ని 1919లో వెలుగులోకి తెచ్చింది మన వ్యావహారిక భాషా ఉద్యమకారుడు గిడుగు రామమూర్తి పంతులే. వాడుక భాష కోసం పోరాడిన మనిషి కొండమీద ఇటుకల్ని కూడా వదల్లేదు. సాయంత్రం ఆ కొండెక్కితే వంశధార వంపులన్నీ కనిపిస్తాయి. ఇంకో దిక్కున శ్రీకూర్మం గుడి ఎలాగూ ఉంది. గుడి పులిహోర, చక్కెర పొంగలి గురించి ఇప్పటికే చాలామంది రాశారు గనక దాటేస్తాను.

పొద్దున్నే బీచ్‌కి వెళ్ళాలి. ఇక్కడి మత్స్యకార గ్రామాల్లో అలివి వల లాగడం చూడకుండా ఈ తీరపు తిండి అర్థం కాదు. వల ఒక కొసను ఒడ్డున ఉంచి, మిగతాది పడవలో తీసుకెళ్ళి అర్ధచంద్రాకారంలో సముద్రంలో పరిచి, రెండో కొసను దూరంగా ఒడ్డుకు తెస్తారు. రెండు జట్లు రెండు తాళ్ళు పట్టుకుని వెనక్కి నడుస్తూ లాగుతాయి. గంటలు పడుతుంది. ముసలివాళ్ళు, బడి ఎగ్గొట్టిన గుంటలు, చూడ్డానికొచ్చినవాళ్ళు ఎవరైనా తాడుకు చేయి వేయొచ్చు. లాగినవాళ్ళకి పాలుంటుంది. చుట్టంగా చేరడానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు.

వల సంచి ఒడ్డుకు చేరగానే జనం రెండుగా విడిపోతారు. వంజరాలు, చందువాలు, పెద్ద రొయ్యలు పడ్డాయా, వేలం పాట మొదలవుతుంది. అవి నిమిషాల్లో ఐసు పెట్టెల్లోకి, పెట్టెలు వ్యానుల్లోకి, వ్యానులు విశాఖ వైపు. ఇక మిగిలేవి కవళ్ళు, కానాగంతలు, నెత్తళ్ళు, వెండిబిళ్ళల్లా మెరిసే కారలు, నాలుగు పీతలు. వీటిలోంచే పాళ్ళు తీస్తారు. ఊరి వంట వీటితోనే.

పట్నం నుంచి వచ్చినవాళ్ళు అడిగేది మాత్రం వంజరమే. ముల్లు తక్కువ, ముక్క పెద్దది, ఫొటోలో బాగుంటుంది. ఒక పెద్దమ్మ నవ్వేసింది. "వంజరమే కావాలంతారేటి బాబూ! అదెప్పుడో పెట్టెలోకి ఎలిపోనాది. కవళ్ళున్నాయి, తింతారా?"

తినాలి. నా మాట నమ్మండి, ఈ తీరంలో వంజరం తినడం దండగ. అది విశాఖలోనూ దొరుకుతుంది, హైదరాబాదులోనూ దొరుకుతుంది. ఒడ్డుకొచ్చి గంట కూడా కాని కవళ్ళు మాత్రం ఒడ్డునే తినాలి. నూనె చేప కాబట్టి తొందరగా పాడవుతుంది, దూరప్రయాణం దానికి పడదు. దాని కోసం మనమే ప్రయాణం చేయాలి.

వండే తీరు గొప్పగా చెప్పుకునేంత కష్టమేమీ కాదు గాని, ఒక్క మెట్టు కూడా దాటెయ్యరు. పొలుసు గీకి, తల తుంచి, పొట్ట తీసి, కళ్ళుప్పూ పసుపూ వేసి రుద్ది, నీళ్ళు తేటపడేదాకా కడుగుతారు. జీలకర్ర, వెల్లుల్లి, ధనియాలు, ఎండుమిరప రోట్లో నూరుతారు. మిక్సీ ఉన్న ఇంట్లో కూడా పులుసు ముద్దకి రోలే. మట్టిదాకలో నూనె వేడెక్కాక ఉల్లిపాయ, పచ్చిమిరప, ఆ ముద్ద, ఆపైన చిక్కటి చింతపండు రసం. పులుసు బాగా మరిగి, నూనె పైకి తేలాకే చేప వేస్తారు. ఇక గరిటె పెట్టరు. గుడ్డ పట్టుకుని, దాక అంచులు రెండు చేతులా పట్టి ఒక్క విసురు తిప్పుతారు. సరుగుడు పుల్లల మంట తగ్గించి, మూత పెట్టి వదిలేస్తారు. దించాక వెంటనే వడ్డించమంటే ఒప్పుకోరు. పులుసు చేపలోకి దిగాలి కదా! ఆకలేస్తోందని మొహం చూపిస్తే కాల్చిన కానాగంత ఒకటి, ఉల్లిపాయ ముక్కతో చేతిలో పెడతారు. ఆ లోపు సముద్రం వైపు చూస్తూ కూర్చోవాలి.

రాత్రి మిగిలిన పులుసు ఇంకా బాగుంటుందని చేపలు తినే ఇళ్ళన్నీ అంటాయి. ఇక్కడ ఆ మాటకి తోడు చద్దన్నం ఉంటుంది. పొద్దున్నే చల్లటి అన్నంలో చల్లటి పులుసు, పక్కన పచ్చి ఉల్లిపాయ. హోటళ్ళలో బఫే బ్రేక్‌ఫాస్టు తిని బయల్దేరేవాళ్ళకి ఇది అందదు. ఆ ఊళ్ళో రాత్రి నిద్ర చేసినవాళ్ళకే.

మగాళ్ళు వెరావల్‌లో

వలలాగే ఊళ్ళలో ఒకటి గమనించాలి. పడుచు మగవాళ్ళు తక్కువ కనిపిస్తారు. వానాకాలంలో ఇక్కణ్ణుంచి వందలమంది గుజరాత్‌లోని వెరావల్‌కు వెళ్ళి, అక్కడి బోట్ల మీద పనిచేసి, ఎండాకాలానికి తిరిగొస్తారు. 2018 నవంబరులో అలా వెళ్ళినవాళ్ళలో కొందరు పాకిస్తాన్ జలాల్లోకి పోయారని పట్టుబడి, అక్కడి జైల్లో ఏడాదికి పైగా ఉండి, 2020 జనవరిలో ఇల్లు చేరారు. 2025లో వచ్చిన 'తండేల్' సినిమాకి ఆధారం ఆ సంఘటనే. సినిమా చూసి ఇక్కడికి వచ్చేవాళ్ళు ఇప్పుడు కొందరున్నారు. రావడం మంచిదే. ఆ ఇళ్ళ ముందు నిలబడి సెల్ఫీలు అడగడమే బాగోలేదు.

వలస ఎందుకంటే ఒడ్డున పెద్దవాళ్ళు చెప్పే జవాబు ఒకటే: బోట్లు నిలుపుకునే రేవు లేదు, జెట్టీ లేదు. ఇంత పొడవాటి తీరం ఉండి, పెద్ద బోటు కట్టేచోటు లేక, సముద్రం తెలిసిన మనుషులు ఇంకో సముద్రానికి కూలికి పోతున్నారు.

కాబట్టి ఈ ఊళ్ళను నడిపేది ఆడవాళ్ళు. వేలంలో పాడేది, గంప నెత్తినెత్తుకుని లోపలి ఊళ్ళకి పోయి అమ్మేది, మిగిలింది ఎండబెట్టేది, ఇంటికొచ్చి వండేది అన్నీ వాళ్ళే. మీకు భోజనం పెట్టే మనిషి అప్పటికే ఒక పనిదినం పూర్తిచేసి పొయ్యి ముందు కూర్చుంటుందన్న సంగతి గుర్తుంటే, కూర ఆలస్యమైందని గడియారం చూడరు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరమంతటా మోటారు బోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం. చేతి తెడ్లతో నడిచే సంప్రదాయ తెప్పలకి ఆ నిషేధం వర్తించదు గాని, మొత్తం మీద పచ్చిచేప తగ్గిపోతుంది. ఈ రెండు నెలలూ ఎండుచేపల రాజ్యం. నెత్తళ్ళూ సావిడాయిలూ వేసవికి ముందే ఇసుక మీద ఎండి, డబ్బాల్లోకి చేరి ఉంటాయి. ఎండునెత్తళ్ళు పచ్చిమామిడికాయతో, ఎండురొయ్యలు వంకాయతో, ఉప్పుచేప ముక్క నిప్పుల మీద కాల్చి చోడి అంబలితో. వాసన పడనివాళ్ళు ఉంటారు, వాళ్ళను బలవంతపెట్టను. ఆ వాసన దాటి మొదటి ముద్ద తిన్నవాళ్ళు మాత్రం రెండో గిన్నె అంబలి అడక్కుండా లేవరు.

నౌపడ: ఉప్పు, కొంగలు, పోర్టు

టెక్కలి దగ్గర హైవే దిగితే నౌపడ. పర్లాకిమిడి రాజావారి చిన్నరైలు 1900లో ఇక్కణ్ణుంచే బయల్దేరింది. ఇప్పుడది గుణుపురం దాకా పెద్దలైను. స్టేషను దాటితే ఉప్పుమడులు. ఎండాకాలంలో తెల్లటి కుప్పలు కళ్ళకు గుచ్చుకుంటాయి. తీరమంతా ఎండబెట్టే చేపకు ఉప్పు కావాలి కదా, ఉప్పూ చేపా ఇలా పక్కపక్కనే దొరకడం ఈ జిల్లా అదృష్టం.

ఈ చిత్తడి నేలల్లో తినడానికి మనకంటే ముందే వచ్చినవాళ్ళున్నారు. పక్కనే ఉన్న తేలినీలాపురంలో చింతచెట్ల మీద పెలికాన్లు, రంగుల కొంగలు గూళ్ళు కడతాయి. వానలు వెనకబట్టే వేళ వచ్చి, ఎండలు ముదిరే వేళకి పిల్లలతో వెళ్ళిపోతాయి. ఉప్పుటేరు చేపే వాటికీ భోజనం. ఊరివాళ్ళు వాటి జోలికి పోరు, పోనివ్వరు. డిసెంబరు, జనవరి నెలల్లో వెళితే చెట్టు కొమ్మలు కనపడనన్ని పక్షులు.

దగ్గర్లోనే సంతబొమ్మాళి మండలం మూలపేటలో పోర్టు కడుతున్నారు. 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. పని దొరికితే వెరావల్ వెళ్ళినవాళ్ళు వెనక్కొస్తారని కొందరి ఆశ, ఓడలొస్తే వల వేసే ఒడ్డు ఉంటుందా అని కొందరి బెంగ. ఒకే ఇంట్లో తండ్రిది బెంగ, కొడుకుది ఆశ. నాకు మాత్రం తండ్రి వైపే మొగ్గాలనిపించింది, కానీ వెరావల్ వెళ్ళాల్సింది నేను కాదు గదా.

ఉద్దానం: పనసచెట్టు కింద

పలాస దాటి సముద్రం వైపు తిరిగితే వాసన మారుతుంది. ఉప్పుగాలిలో పండిన పనస, జీడిమామిడి కలుస్తాయి. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి, కంచిలి, ఇచ్ఛాపురం మండలాల మీదుగా పరుచుకున్న ఈ తోటల నేలే ఉద్దానం. ఇసుక నేల, పైన కొబ్బరి, కింద జీడి, మధ్యలో పనస. ఇక్కడ చేప తినని ఇంట్లో కూడా విందే.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో లేత పనసకాయ. కత్తికి నూనె రాసి, తొక్క చెక్కి, చేత్తోనే సన్నగా కొట్టి పొట్టు తీస్తారు. చెయ్యి తిరిగిన మనిషి కత్తి చప్పుడు తాళం తప్పదు. ఆ పొట్టు ఉడికించి, పిండి, చింతపండు పులుపు పట్టించి, ఎండుమిరప, ఇంగువ, జీడిపప్పు పోపు పెట్టి, పొయ్యి మీంచి దించి చల్లారాక ఆవ కలుపుతారు. వేడి మీద ఆవ కలిపితే చేదెక్కుతుంది. గోదావరి జిల్లాల వాళ్ళు పనసపొట్టు కూర తమదేనంటారు. అనుకోనివ్వండి. కాయ కోసిన గంటలోపు వండుకునే వసతి ఎవరికి ఉందన్నదే ఇక్కడి ప్రశ్న. ఉద్దానం పనస ఒడిశాకీ బెంగాల్‌కీ లారీల్లో పోతుంది. చెట్టుకింద కూర్చుని తినే హక్కు ఈ ఊళ్ళదే.

ఏప్రిల్ వచ్చేసరికి జీడిపళ్ళు. ఎర్రగా, పసుప్పచ్చగా, గొంతు పట్టే వగరుతో. బట్టల మీద రసం పడితే మరక పోదు. పండుని చెట్టుకిందే తినేస్తారు, గింజ పలాస వెళుతుంది. పలాస-కాశీబుగ్గలో జీడి ఆడించే మిల్లులు వందల్లో ఉన్నాయి. గింజ ఉడికించి, పగలగొట్టి, పొర ఒలిచే పని ఎక్కువగా ఆడవాళ్ళదే. తొక్కలోని నూనెకి చేతులు నల్లబడి, తోలు ఊడుతుంది. మన పాయసంలో తేలే తెల్లటి పప్పు అంత తెల్లగా రావడానికి ఎవరి చేతులో నల్లబడ్డాయి. ఊళ్ళలో ఇప్పటికీ నాలుగు గింజలు నిప్పుల్లో పడేసి కాలుస్తారు. తొక్క చిటపటలాడి మంటలు ఎగజిమ్ముతుంది, దూరంగా నిలబడాలి. నల్లగా కాలిన గింజను రాయి మీద కొట్టి తీసిన పప్పులో పొగ రుచి ఉంటుంది. ప్యాకెట్లలో ఆ రుచి లేదు.

ఈ తోటలకి పెద్ద దెబ్బ 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తగిలింది. తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడి చెట్లు లక్షల్లో పడిపోయాయి. వరి పోతే మళ్ళీ ఏడాదికి వస్తుంది. కొబ్బరి మొక్క నాటితే కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది. తండ్రి నాటిన తోట పోయి, తాను నాటిన తోట ఇప్పుడిప్పుడే కాస్తున్న రైతులు ఇక్కడ ఊరికి చాలామంది. అలాంటి ఇంట్లో బొండాం కొట్టి చేతికిస్తే కాదనకూడదు.

నీళ్ళ సంగతి కూడా చెప్పాలి. ఉద్దానం పేరు దేశానికి తెలిసింది తోటల వల్ల కాదు, కిడ్నీ జబ్బు వల్ల. పొలం పనిచేసే మనుషులకి, షుగరూ బీపీ లేనివాళ్ళకి కూడా ఎందుకొస్తోందో పరిశోధకులు ఇప్పటికీ ఒక్క మాట మీదకు రాలేదు. హిరమండలం జలాశయం నుంచి కుళాయి నీళ్ళు తెచ్చారు, 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. వెళ్ళినవాళ్ళు "ఇక్కడి నీళ్ళు తాగొచ్చా?" అని భోజనం పెట్టే ఇంటి ముంగిట్లోనే గట్టిగా అడగడం నేను విన్నాను. ఆ ఇంట్లో డయాలిసిస్ మీద మనిషి ఉండొచ్చు. మీ సీసా మీరు తెచ్చుకోండి, అడక్కండి.

బారువ, ఇచ్ఛాపురం

మహేంద్రతనయ సముద్రంలో కలిసేచోట బారువ. పాత రేవు, లైట్‌హౌస్, కొబ్బరితోపులు. తీరమంతటిలోనూ చూడ్డానికి అందమైనది ఇదే అనుకుంటాను. చలికాలం చివర ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు రాత్రిళ్ళు ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి. ఆ రోజుల్లో బీచ్‌లో రాత్రి టార్చిలైట్లు, క్యాంప్‌ఫైర్లు వద్దు. వెలుతురు చూస్తే తల్లి తాబేలు వెనుదిరుగుతుంది, పిల్లలైతే సముద్రమనుకుని దీపం వైపు నడుస్తాయి. పక్కనున్న మందసలో కోవా తినకుండా వెళ్ళకండి, ఇంతకంటే చెప్పను.

ఇచ్ఛాపురం చేరేసరికి తెలుగులో ఒడియా, ఒడియాలో తెలుగు. బజారులో ఒక మాట ఇందులో మొదలై అందులో ముగుస్తుంది. వంటిల్లూ అంతే. మన చద్దన్నం అక్కడి పొఖాళొ అవుతుంది, కూరగాయలు వేసిన పప్పు డాల్మా అవుతుంది, చేపల కూరలో చింతపండు తగ్గి ఆవముద్ద పెరుగుతుంది. కవళ్ళ పులుసుతో మొదలుపెట్టి ఇక్కడ ఆవపెట్టిన చేపతో ముగిస్తే, రాష్ట్ర సరిహద్దు రాయి కనపడకముందే నాలుక దాన్ని దాటేస్తుంది.

ఎప్పుడు, ఎలా, ఎంత

డిసెంబరు నుంచి ఫిబ్రవరి మంచికాలం. చేపలుంటాయి, కొంగలుంటాయి, ఎండ ఉండదు. పనస, జీడి కావాలంటే మార్చి, ఏప్రిల్‌లో వెళ్ళి ఉక్కను భరించాలి. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం, వాతావరణ హెచ్చరిక చూడకుండా బయల్దేరొద్దు. శ్రీకాకుళం రోడ్డు, నౌపడ, పలాస, సోంపేట, ఇచ్ఛాపురం స్టేషన్లన్నీ హౌరా లైను మీదే. బస శ్రీకాకుళంలోనో పలాసలోనో. ఒడ్డు ఊళ్ళకి ఆటోలే దిక్కు, తిరుగు ఆటో ముందే మాట్లాడుకోవాలి.

ఇక డబ్బు. భోజనం పెట్టిన ఇంట్లో "ఎంతివ్వమంటారు?" అంటే జవాబు రాదు. "తిండికి డబ్బులేటి బాబూ" అంటారు, నిజంగానే నొచ్చుకుంటారు. అలాగని చేతులు కడుక్కుని వచ్చేయడం దొంగతనంతో సమానం. ఆ పూట చేపకీ నూనెకీ కట్టెలకీ ఆవిడ ఖర్చుపెట్టింది, అమ్ముకోవలసిన వేళ మీకోసం వండింది. తాడు లాగి సంపాదించిన మీ పాలు ఆ వంటింట్లోనే వదిలేయడం ఒక పద్ధతి. బయల్దేరేముందు ఆవిడ దగ్గరే రెండు కిలోల ఎండునెత్తళ్ళు, చెప్పిన ధరకి, బేరమాడకుండా కొనడం ఇంకో పద్ధతి. రెండోది ఇద్దరికీ మర్యాదగా ఉంటుంది. మూట మాత్రం మూడు కవర్లలో కట్టించుకోండి. పలాసలో ఏసీ బోగీ ఎక్కితే తోటి ప్రయాణికుల్లో సగంమంది మొహం తిప్పుకుంటారు, మిగతా సగం ఎక్కడ కొన్నారని అడుగుతారు.